పోబుద్ధి కాకపోవడం

మా ఆయన క్లెయిము కొట్టేస్తూ ఇన్సూరెన్సు కంపెనీ రాసిన ఉత్తరంలో కారణం ఒక్క వాక్యమే: పని చేయడం ఇష్టం లేదని ఇతనే స్వయంగా చెప్పాడు. ఇంగ్లీషులో ఒకసారి, నాకు అరకొరగా వచ్చిన అరబ్బీలో ఒకసారి చదివాను. రెండింట్లోనూ అబద్ధంగానే ఉంది.

ఆయన అమ్ఘరాలో ఇనుము, సిమెంటు అమ్మే కంపెనీలో స్టోర్‌కీపరు. ఆ ఏడు ఎండలు ముదిరే ముందే మనిషి మారిపోయాడు. పొద్దున్నే బూట్లు వేసుకుని, రిగ్గైలో మా గది గడప దాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోయేవాడు. నేను అరిచినా వినేవాడు, బతిమాలినా వినేవాడు, లేచేవాడు మాత్రం కాదు. ఆసుపత్రి డాక్టరు మనోవ్యాధి అని రాసిచ్చాడు. ఎక్కువకాలం జబ్బుపడిన ఉద్యోగికి నెలనెలా జీతంలో కొంత ఇచ్చే పాలసీ ఒకటి కంపెనీ తీసి ఉంది. జబ్బని ఒప్పుకుంటే అది వస్తుంది, ఉద్యోగమూ నిలుస్తుంది. ఇష్టం లేకపోవడమంటే రాజీనామా కిందే లెక్క. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కూడా దాంతోపాటే పోతుంది.

ఇన్సూరెన్సు వాళ్ళ డాక్టరు దగ్గరికి ఆయన్ని తీసుకెళ్ళి, ఆయన మాట అరబ్బీలోకి మార్చి చెప్పింది కంపెనీ డ్రైవరు. నిజామాబాద్ దిక్కు మనిషి, అరబ్బీ గడగడా మాట్లాడతాడు. ఉత్తరం రాగానే అతన్ని నిలదీశాను.

"నేనేం తప్పు చెప్పలేదక్కా. 'పనికి పోబుద్ధి కాల్యా' అన్నడు అన్న. నేను 'మా యబీ యిష్తఘిల్' అని చెప్పిన."

"అంటే?"

"పని చేసుడు వద్దంటుండు అని."

"వద్దన్నాడా? పోబుద్ధి కాలేదన్నాడా?"

"రెండూ ఒకటే గదక్కా!"

"ఎట్లా ఒకటి? జ్వరమొచ్చి నీకు అన్నం తినబుద్ధి కాకపోతే, నువ్వు అన్నం మీద అలిగినట్టా?"

తల గోక్కున్నాడు. "గా బుద్ధికి అరబ్బీల మాట ఏడ దేవాలక్కా? ఉంటే గింటే అది మన పాస్‌పోర్టులు దాసుకున్న కఫీల్ దగ్గర ఉంటది. మనకెందుకిస్తడు?"

నవ్వొచ్చింది, నవ్వినందుకు ఒళ్ళు మండింది. బుధవారం నాడు అతని చేతే బండి తీయించి ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి అధికారి ఈజిప్టు మనిషి. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆయన ముందు కుమ్మరించాను. మా భాషలో బుద్ధి కావడమనేది మనిషి చేసే పని కాదు, ఆకలిలాగా, నిద్రలాగా రావలసిందే, రాకపోతే మనిషి చేయగలిగిందేమీ లేదు అని. ఆయన ఓపిగ్గా విన్నాడు. "శనివారం రా. మా పెద్దాయన ఉంటాడు, మళ్ళీ చూద్దాం" అన్నాడు.

గురువారం తెల్లవారేసరికి ఊళ్ళో ఇరాక్ సైన్యం ఉంది.

శనివారం నేను ఆ ఆఫీసుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని ఇప్పటికీ నన్ను తిడతారు. రమ్మన్నారు, వెళ్ళాను. దేశం ఉందో పోయిందో తెలియని రోజున నాకు తెలిసిన సంగతి అదొక్కటే. మూసిన షట్టరు ముందు ఒక సైనికుడు నిలబడి ఏం కావాలన్నాడు. "తామీన్" అన్నాను. ఇన్సూరెన్సుకు అరబ్బీ మాట అదే. నా మొహం, షట్టరు, మళ్ళీ నా మొహం చూశాడు. "యల్లా, ఇంటికి పో" అని తుపాకీతో దారి చూపించాడు.

ఇంటికొస్తే మా ఆయన లేడు. గడప ఖాళీగా ఉంది. నేను వీధిలో పడి వెతుకుతుంటే రొట్టెల బట్టీ దగ్గర వరుసలో నిలబడి కనిపించాడు. మర్నాడూ వెళ్ళాడు, ఆ తర్వాతా వెళ్ళాడు.

"ఏందయ్యా ఇది? ఎట్లా లేచినావు?"

"ఏమోమ్మే. లేసినా, పోయినా. నాకేం తెల్చు?"

సంతోషించాలి కదా. నాకు భయమేసింది. ఆ ఉత్తరంలో రాసిందే నిజమా? అప్పుడు ఇష్టం లేదు, ఇప్పుడు ఇష్టమొచ్చిందా? ఎవరితో పోట్లాడాలో తెలిసిన దానికి, నేనెవరి పక్షమో తెలియకుండా పోయింది.

బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు, అక్కడి నుంచి విమానంలో ఇండియాకు చేరాం. కడపలో దిగిన వారానికే మళ్ళీ గడప మీద కూర్చున్నాడు.

యుద్ధం ముగిశాక కంపెనీ పాతవాళ్ళను పిలిస్తే, ఆయన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చాను. డ్రైవరూ వచ్చాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో అదే అధికారి. ఈసారి వెంటనే ఒప్పుకున్నాడు.

"జబ్బే. యుద్ధం చూశాడు పాపం. కానీ యుద్ధం వల్ల వచ్చిన జబ్బుకు పాలసీ వర్తించదు."

"యుద్ధానికి ముందే కదా మీరు కొట్టేసింది!"

"అప్పుడు జబ్బు లేదు. ఇష్టం లేదు."

"సరే, సైన్యం ఉన్న రోజుల్లో ఎలా ఉన్నాడో అడగరేం?" అనేసి నాలుక్కరుచుకున్నాను.

అడిగాడు. నేను అబద్ధం వెతుక్కునే లోపు మా ఆయనే నోరు విప్పాడు. "ఖుబ్జ్" అన్నాడు. రొట్టె. చేత్తో వరుస చూపించి, "రోజూ" అన్నాడు.

"చూశావా, బాగున్నాడు" అన్నాడు అధికారి.

"యుద్ధంలో బాగున్నవాడికి యుద్ధం వల్ల జబ్బెలా వచ్చింది?"

అధికారి కలం కింద పెట్టాడు. లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. క్లెయిము రాదు, అది ఖలాస్. కానీ ఇష్టం లేదన్న మాట కొట్టేసి జబ్బని రాస్తారట. కాబట్టి రాజీనామా కాదు, జబ్బు సెలవు. ఎప్పటి నుంచి జబ్బో, యుద్ధానికి ముందో తర్వాతో మాత్రం రాయరట. ఎందుకు రాయరని అడగబోయి, మా ఆయన మొహం చూసి మానుకున్నాను. ఆయన గోడమీద గడియారం కేసి చూస్తున్నాడు, అది ఆగిపోయి ఉంది.

బయట డ్రైవరు ఎదురొచ్చాడు. "ఏమైందక్కా? గెలిచినమా?"

"తెలీదు. బండి తియ్" అన్నాను.