సొరచేప నూనె తాగిన పొట్టేలు

నా కుడి భుజం విరగ్గొట్టింది మా నాయన పెంచిన పొట్టేలు. అదే మనిషై ఉంటే నరికేసి జైలుకు పోయి ఉండేవాడిని. ఆ వయసులో నా కోపం అలాంటిది.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. రాచర్ల చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మా గొర్రెలనూ మేకలనూ మేపేది నేనే. ఆ ఒక్క పొట్టేలును మాత్రం నాయన సొంతంగా చూసుకునేవాడు. తిరునాళ్ళలో పందేనికి దాన్ని సిద్ధం చేస్తున్నాడు. మేము జొన్న సంకటి తింటుంటే అది నానబెట్టిన ఉలవలూ పచ్చి గుడ్లూ తినేది. అంతకు ముందు ఏడు పెద్దారవీడు పొట్టేలు మా పొట్టేలును తరిమికొట్టింది. ఆ రోజు నాయన ఇంటికొచ్చి, పగ్గం తీసుకుని, ఆ కోపమంతా అమ్మ వీపు మీద చూపించాడు. అడ్డం పోయిన నాకూ నాలుగు పడ్డాయి.

పొట్టేలుకు దూకుడు నేర్పడానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. గోనెసంచిలో చొప్ప కుక్కి, దాన్ని గుండెలకు అడ్డం పెట్టుకుని ఒక మనిషి ఎదురుగా నిలబడాలి. పొట్టేలు వెనక్కి వెనక్కి పోయి, తల దించి, ఉరికొచ్చి గుద్దుతుంది. ఆ మనిషిని నేనే. ఒకరోజు సంచి కాస్త పక్కకు జారింది. కొమ్ము తిన్నగా భుజానికి తగిలింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. నేను మట్టిలో పడి పొర్లుతూ అరుస్తున్నాను. నాయన పరిగెత్తుకొచ్చి ముందు పొట్టేలు తల పట్టుకుని తడిమి చూశాడు.

"కొమ్ముకేం కాలేదులే," అన్నాడు.

నొప్పినైనా మరిచిపోయానేమో గానీ ఆ మాటను మరవలేదు.

ఊళ్ళో కట్లు కట్టే ముసలాయన మినప్పిండీ గుడ్డు సొనా కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. పది రోజులకు భుజం కుండంత వాచింది. అప్పుడు అమ్మ నన్ను గిద్దలూరులో రైలెక్కించింది. నంద్యాలలో దిగి, బస్సు పట్టుకుని కర్నూలు పెద్దాసుపత్రికి చేరాము. నాయన రాలేదు. "పొట్టేలును ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది?" అన్నాడు.

ఆసుపత్రిలో భుజం కోసి, విరిగిన ఎముకకు తీగ చుట్టి కుట్లు వేశారు. మత్తు దిగాక నేను తిట్టిన బూతులకు వార్డంతా లేచి కూర్చుందట. ఇంటికి పంపించే రోజు డాక్టరు ఒక పెద్ద సీసా నిండా సొరచేప నూనె, ఎముక గట్టిపడడానికి ఒక డబ్బా సున్నపు బిళ్ళలు చేతికిచ్చాడు.

"పొద్దున్నే రెండు చెంచాల నూనె, ఒక బిళ్ళ. గోడ మీద వేళ్ళు పాకిస్తూ రోజూ చెయ్యి పైకి తీసుకుపోవాలి. మూడు నెలల్లో చెయ్యి తల దాటాలి. దాటలేదంటే ఇక దాటదు."

చెయ్యి తల దాటకపోతే నా బతుకు అయిపోయినట్టే. ఎండాకాలం మా కొండల కింద గడ్డిపరక దొరకదు. గెడకు కొడవలి కట్టి తుమ్మకొమ్మలు లాగితేనే మేకలకు మేత. ఆ పని చేతకాని కాపరిని ఎవరు కాపరి అంటారు? నాయన పెట్టింది తింటూ, నాయన కొట్టింది పడుతూ కూర్చోవాలి. ఆ భయంతోనే ముక్కు మూసుకుని ఆ నూనె తాగేవాడిని. పేగులు బయటికొచ్చినంత పనయ్యేది. గోడకు ఆనించిన వేళ్ళు ఎంత వరకు పోయాయో అక్కడ అమ్మ బొగ్గుతో గీత గీసేది. గీత గడ్డం దాటింది, ముక్కు దాటింది, చెవి దగ్గరకొచ్చి ఆగిపోయింది. ఎన్ని రోజులైనా అక్కడే ఉంది.

ఇంతలో సీసాలో నూనె నేను తాగే దానికంటే వేగంగా తరిగిపోతోందని కనిపెట్టాను. బిళ్ళలూ అంతే. ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్నది అమ్మకు.

"మోకాళ్ళకు రాసుకుంటాండావా ఏంది?" అని అరిచాను.

"నాకెందుకు నాయనా నీ మందు?" అంది అమ్మ.

నమ్మలేదు. ఎడమ చేత్తో సంకటి పళ్ళెం విసిరాను. అది అమ్మ నుదుటికి తగిలి రక్తం కారింది. అమ్మ కొంగుతో ఒత్తుకుంటూ కింద పడిన సంకటి ఎత్తుకుంది. నేను అచ్చం నాయనలాగే తయారయ్యానని ఆ పూట తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా క్షమించమని అడగలేదు.

తిరునాళ్ళు ఇంకో వారం ఉందనగా, తెల్లవారుతూనే పెరట్లోకి పోయాను. నాయన పొట్టేలు తల చంకలో ఇరికించుకుని, పశువులకు మందు పోసే వెదురు గొట్టం దాని నోట్లో పెట్టి నా నూనె పోస్తున్నాడు. పక్కన రోటిలో నా బిళ్ళలు పొడి కొట్టి ఉన్నాయి, ఉలవల్లో కలపడానికి.

గోడకు ఆనించిన దుడ్డుకర్ర అందుకున్నాను. ఏ చేత్తో అందుకున్నానో చూసుకోలేదు. కర్ర నా తల మీదికి లేచింది.

పెరటి వాకిట్లో నుంచి అమ్మ కేక వేసింది. "లేసింది! నీ చెయ్యి లేసింది నాయనా!"

నాయన తిరిగి చూశాడు. కర్రను కాదు, నా చేతిని చూశాడు. పొట్టేలును వదిలేశాడు. ఆయన మొహమంతా నవ్వు. "ఓరి నీ... లేసిందిరా!" అన్నాడు. తప్పుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

నేను కొట్టాను.

చెయ్యి నిలవలేక కర్ర జారిందని తర్వాత అందరితో చెప్పాను. అబద్ధం. నేనే కొట్టాను, బలం కొద్దీ. కర్ర ఆయన కుడి భుజం మీద పడింది. ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. తెలిసి కూడా ఇంకోసారి ఎత్తబోతుంటే అమ్మ వచ్చి నా నడుం పట్టుకుని లాగేసింది.

నాయన ఆసుపత్రికి రానన్నాడు. ఊరి ముసలాయన కట్టుతోనే సరిపెట్టుకున్నాడు. పగ్గం పట్టే చెయ్యి లేక ఆ ఏడు పొట్టేలు తిరునాళ్ళకు పోలేదు. సీసాలో మిగిలిన నూనెను నేనే చెంచాతో ఆయన నోట్లో పోసేవాడిని. కళ్ళు మూసుకుని మింగేవాడు. కట్టు విప్పాక గోడ దగ్గర నిలబెట్టి వేళ్ళు పాకించాను. బొగ్గు గీతలు నేనే గీశాను. ఆయన గీత గడ్డం దాకా కూడా రాలేదు.

నేను మళ్ళీ కొమ్మలు లాగాను, మేకలను మేపాను. ఆయన పోయే దాకా ఒక అలవాటు మాత్రం మానలేదు. పొద్దున నేను జీవాలు తోలుకుని బయలుదేరేటప్పుడు అరుగు మీద కూర్చుని, "ఏదీ, ఎత్తు," అనేవాడు. నేను కుడి చెయ్యి తల మీదికి ఎత్తి చూపించేవాడిని. కాసేపు దానివైపే చూసి, "సాల్లే, దించు," అనేవాడు.