"అయిపోయింది" అని రాయనివ్వని మా బావ

మా బావ మంగళవారం పొద్దున్న పోయాడు. నేను మద్దిలపాలెంలో బస్సు దిగుతుంటే వాళ్ళావిడ ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ ఎల్లిపోనారు" అంది. "వస్తన్నానక్కా" అన్నాను. డయాలసిస్ మీద ఉన్న మనిషే. అయినా ముందురోజు సాయంత్రం ఫోన్లో నన్ను తిట్టిన మనిషి.

చుట్టరికం చూస్తే ఆయన నాకేమీ కాడు. మాది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. వాళ్ళు ఇక్కడి చర్చి మనుషులు. ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవాళ్ళం. ఈ ఊళ్ళో ఆ మాత్రం చాలు, నేనాయనకి బావ, ఆయన నాకు బావ.

మేం అమ్మేది ఒక్క మెషిన్ మీద నడిచే క్లౌడ్. పెద్ద కంపెనీలు ఎక్కడో గదుల నిండా మెషిన్లు పెట్టి నడిపేదాన్ని, ఒక చిన్న ఆసుపత్రో వర్క్‌షాపో తన దగ్గరున్న ఒకే కంప్యూటర్లో నడుపుకోవచ్చు. ఫైళ్ళు, లాగిన్లు, అపాయింట్‌మెంట్లు అన్నీ అందులోనే. తుఫానుకి నెట్ పోయినా పని ఆగదు. దాన్ని ఎలా ఎక్కించుకోవాలో చెప్పే కాగితాలు మొదట నేను రాశాను. బావ ఆఫీసులో చేరిన రోజే అవి చదివి, "ఇది పని వచ్చినోడికి రాసినావు బావా. వచ్చినోడికి నీ కాయితం ఎందుకు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ కాగితాలు చూసుకుని ఎవరూ సొంతంగా ఎక్కించుకోలేకపోయారన్నది నిజం. అందరూ మధ్యలో ఫోన్ చేసేవారు. ఫోనెత్తేది బావే. డయాలసిస్ మొదలయ్యాక, అది చేయించుకున్న రోజుల్లో ఆయనకి ఫోనెత్తే ఓపిక ఉండేది కాదు. పైగా మా ఓనరు, ప్రతి ఇన్‌స్టాల్‌కీ ఒక మనిషి కూర్చోవాలంటే ఈ సరుకే ఆపేద్దామన్నాడు. అప్పట్నుంచీ బావకి ఒకటే పట్టు. "నా ఫోన్ మోగకుండా ఒక్కలైనా పెట్టుకోవాలి. నాను లేపోయినా కాయితం ఉండాలి" అనేవాడు. ఆ రెండో మాట నాకు నచ్చేది కాదు. అనొద్దంటే వినేవాడా?

ఆయన పద్ధతి వేరు. మా ఎకౌంట్సు మేడమ్‌ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చి, వెనక చేతులు కట్టుకుని నిలబడేవాడు. నోరు విప్పేవాడు కాదు. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ తన కాపీలో పెన్సిల్ గీత. ఒకసారి నేను ఉండబట్టలేక "అక్కడ ఎంటర్ కొట్టండి మేడమ్" అనేశాను. బావ నన్ను బయటికి తీసుకుపోయి టీ ఇప్పించి మరీ తిట్టాడు. "ఆవిడ ఆగినాదంటే కాయితం ఆగినాది. నువ్వు సెప్పేస్తే నాకెలా తెలుస్తాది?"

"సింపుల్‌గా" అన్న మాట కనబడితే కొట్టేసేవాడు. సింపులైతే ఆడు మనకెందుకు ఫోన్ సేస్తాడు అనేవాడు. కానీ ఆయన అసలు పగబట్టింది "అయిపోయింది" అన్న మాట మీద. దానికి కారణం ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపాయన. అతను ఫోన్ చేసి "అయిపోనాది సార్" అన్నాడు. బావ ఆ మెట్టు పూర్తయిందనుకుని తర్వాతది చెప్పాడు. అతను చెప్పింది డిస్కులో జాగా అయిపోయిందని. ఇద్దరూ మధ్యాహ్నమంతా ఒకరికొకరు సరే సరే అనుకుంటూ, నిండిపోయిన డిస్కులోకే ఎక్కిస్తూ కూర్చున్నారు. సంగతి తెలిశాక ఆఫీసంతా ఒకటే నవ్వు. బావ కూడా నవ్వాడు. నవ్వి, మొత్తం కాగితాలు తిరగరాశాడు.

"పూర్తయినా అయిపోనాదే, ఖాళీ అయినా అయిపోనాదే, పాడైనా అయిపోనాదే. ఇదేం మాట బావా?" అన్నాడు. డిస్కులో జాగా చూసుకోవడం మొదటి పేజీకి వచ్చింది. ప్రతి మెట్టు కిందా తెర మీద ఏం కనబడాలో రాశాడు. "పచ్చ అక్షరాల్లో 'రెడీ' అని కనబడాలి. కనబడకపోతే ముందుకు వెళ్ళకండి. తప్పు మీది కాదు, కింద చూడండి." ఆ "తప్పు మీది కాదు" తీసేయమని ఓనరు ఎంత పోరినా తీయలేదు. సోమవారం నన్ను తిట్టింది కూడా కాగితాల గురించే. చివరి పేజీలో ఒక బొమ్మ మార్చకుండా పాతదే పంపేశానట.

బుధవారం సమాధి చేశాం. గురువారం ఆఫీసుకి వెళ్ళాను. ఆయన లేని ఆఫీసు నాకు బాగోలేదు. పదకొండింటికి ఆయన టేబుల్ మీద ఫోన్ మోగింది. సీతమ్మధారలో ఒక కంటి క్లినిక్కు నుంచి రిసెప్షన్ అమ్మాయి.

"కాయితాలు రాసిన సార్ ఉన్నారాండి?"

"లేరమ్మా. ఏటి ప్రాబ్లమ్?"

"ప్రాబ్లమ్ ఏటీ లేదండి. కొత్త కంప్యూటర్లో నిన్న నానే పెట్టేసినాను. ఎవురికీ ఫోన్ సెయ్యలేదు. డాక్టర్‌గారు నమ్మడం లేదండి. సార్‌కి ఓసారి సెప్తారా?"

"చెప్తానమ్మా" అన్నాను.

నా నంబరు అడిగి ఫొటో కూడా పంపింది. కొత్త మెషిన్‌కి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. తెర మీద లాగిన్ పేజీ. పక్కన బావ కాగితం, గాలికి ఎగరకుండా బొటనవేలితో నొక్కిపట్టింది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి అక్కకి సంగతి చెప్పి ఫొటో చూపించాను. ఆవిడ రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసింది. బొట్టు దాటి, తెర దాటి, కాగితం మీద ఆ అమ్మాయి వేలి దగ్గర ఆగి, "తప్పు మీది కాదు" అని పైకి చదివింది.