తాళంకప్ప చెయ్యి లేపని రోజు

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాల అంచులు సానపట్టే ఆమెను దుకాణంలో అందరూ మేడమ్ అనేవారు. పొద్దున్న ఆరింటికి, సైకిళ్ళ షాపు పైనున్న హాల్లో, అదే మనిషిని తాళంకప్ప అనేవారు. ఆ పేరు కిక్‌బాక్సింగ్ నేర్పే మాస్టారు పెట్టింది. ఆరేళ్ళుగా వస్తున్నా ఆమె గార్డ్‌ను తెరవగలిగినవాళ్ళు లేరు. ఎడమ చెయ్యి కాస్త ముందుకు, కుడి చెయ్యి దవడకు ఆనించి, గడ్డం దించి, మోచేతులు పక్కటెముకలకు అంటించి నిలబడేది. కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా మాస్టారు ఆమెను చూపించి, ఆ తాళానికి చెవి చెయ్యడం మరిచిపోయారని చెప్పేవారు. ఆమె ఎదుటివాళ్ళను కొట్టింది తక్కువే. తగిలించుకున్నది ఇంకా తక్కువ.

ఆమెకు నలభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. రెండు గదుల ఇంట్లో అక్కతో కలిసి ఉండేది. అక్క ఒక బడిలో గుమాస్తా. ఒకరోజు మధ్యాహ్నం కుర్చీలోంచి లేవబోయి కూలబడింది. ఆస్పత్రికి చేర్చేలోపే పోయింది. కబురు వచ్చేసరికి తాళంకప్ప ఎవరిదో అద్దం యంత్రానికి బిగించి ఉంది. ఆ అద్దం పూర్తిచేసింది. తుడిచి, కవర్లో పెట్టి, పైన నంబరు వేసి, అప్పుడు లేచింది. ఆ సంగతి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చేది. గుర్తొచ్చినా ఏమీ అనిపించేది కాదు.

కన్నీళ్ళు రాలేదు. పిన్ని పక్కకు తీసుకెళ్ళి, ఏడిస్తే బరువు దిగుతుందమ్మా అని చెప్పింది. బరువేమీ లేదని చెబితే బాగుండదని తలూపింది. నాలుగో రోజు దుకాణానికి వెళ్ళింది. పదో రోజు హాలుకు వెళ్ళింది. అక్కడ ఊళ్ళో లేనని చెబితే ఎవరూ ఆరా తీయలేదు. అక్క ఫోన్‌కు మాత్రం రోజూ ఛార్జింగ్ పెట్టి సంచిలో వేసుకునేది. ఎందుకో ఆమెకే తెలియదు.

ఆ తర్వాత పది రోజులకు స్పారింగ్‌లో, అంటే ఇద్దరిద్దరుగా తలపడే సాధనలో, మందులమ్మాయి ఎదురుపడింది. మందుల షాపులో పనిచేసే ఆ పిల్లకు పాతికేళ్ళు. పొడుగు చేతులు, ఒక్క చోట నిలవని కాళ్ళు. రెండేళ్ళుగా ఇద్దరూ జోడీ. తాళంకప్పకు ఒక్కసారైనా సరిగ్గా తగిలించాలని ఆ పిల్ల పంతం పట్టింది. ఎప్పటిలాగే ఎడమతో రెండు ఉత్తుత్తి దెబ్బలు చూపించి, పక్కనుంచి ఎడమ హుక్ వేసింది. అది గ్లవ్ మీద పడి టప్‌మనాలి. రెండేళ్ళుగా అలాగే పడుతోంది.

ఈసారి కుడి చెయ్యి అక్కడ లేదు. నడుము దగ్గరుంది.

తాళంకప్ప నిలువునా కూలింది. హెడ్‌గార్డ్ ఉన్నా తల వెనక్కి వాలి చాపకు కొట్టుకుంది. మాస్టారు వచ్చి పళ్ళ మధ్య పెట్టుకున్న రబ్బరు కవచం తీసి, పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టేసరికి కళ్ళు తెరిచింది. ఏ రోజని అడిగితే ముందటి వారం చెప్పింది. ఆటో పిలిచి, మందులమ్మాయిని తోడిచ్చి ఆస్పత్రికి పంపారు.

స్కానింగ్ తీశారు. లోపల రక్తం లేదని, సాయంత్రం దాకా మంచం మీదే ఉండాలని డాక్టరు చెప్పారు. నర్సు కాగితం పట్టుకుని, ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగింది. తాళంకప్ప తడుముకోకుండా నంబరు చెప్పింది. నర్సు అక్కడే నిలబడి కలిపింది. మందులమ్మాయి ఒళ్ళో ఉన్న తాళంకప్ప సంచి మోగింది.

ఆ పిల్ల ఫోన్ బయటికి తీసింది. కాసేపు మోగనిచ్చింది.

"ఈ ఫోన్ ఎవరిది అక్కా?"

"మా అక్కది."

"ఆవిడ ఎక్కడున్నారు?"

"లేదు. పోయి ఇరవై రోజులైంది."

నర్సు ఫోన్ పెట్టేసి, కాగితం మీద ఆ గడి ఖాళీగా వదిలి వెళ్ళిపోయింది. మందులమ్మాయి సాయంత్రం దాకా మంచం పక్కనే కూర్చుంది. ఇంటి దగ్గర దింపి, తలుపు తీసేదాకా నిలబడి, తల దించుకుని వెళ్ళింది.

మూడు నెలలు తలకు దెబ్బ తగలకూడదన్నారు. తాళంకప్పకు వారం రోజులు వెలుతురు గిట్టలేదు. ఆ తర్వాత అద్దాలు, యంత్రం, ఇల్లు. అన్నం తినేది. రుచి మాత్రం తెలిసేది కాదు.

ఒకరోజు మాస్టారు కళ్ళజోడు కాడ ఊడిందని దుకాణానికి వచ్చారు. మరలు బిగిస్తుంటే, మందులమ్మాయి హాలుకు రావడం మానేసిందని చెప్పారు. సొంతవాళ్ళను పోగొట్టుకుని ఉన్న మనిషిని పడగొట్టానని కుమిలిపోతోందట.

మర్నాడు భోజనం వేళ తాళంకప్ప మందుల షాపుకు వెళ్ళి వరసలో నిలబడింది. ముందు నలుగురున్నారు. తన వంతు వచ్చాక, ఏం కావాలని అడగబోయి ఆ పిల్ల ఆగిపోయింది.

"నీ తప్పు లేదు," అంది తాళంకప్ప. "ఆ దెబ్బ రావడం నేను చూశాను. చెయ్యి లేపొచ్చు. లేపలేదు."

ఊరట కలుగుతుందనే ఆ నిజం చెప్పింది. మందులమ్మాయి మొహం ఎర్రబడింది. వెనకవాళ్ళు వింటున్నారని గొంతు తగ్గించింది.

"అంటే నా చేత కొట్టించుకున్నారా? ఏమైనా అయ్యుంటే నేను బతికినన్నాళ్ళూ మోయాలి కదా. ఆ మాట ఒక్కసారైనా అనుకున్నారా?"

అనుకోలేదు. అదే చెప్పింది. ఆ పిల్ల పక్కకు తిరిగి వెనకనున్న ముసలాయన చీటీ అందుకుంది. తాళంకప్ప బయటికి వచ్చి మెట్టు మీద నిలబడింది. ఆ పిల్ల అడిగిన మాట గుచ్చుకుంది. బాధ అని చెప్పలేం కానీ, ఏమీ లేకపోవడం మాత్రం కాదు. రోడ్డు దాటేలోపు అదీ పోయింది.

మర్నాటినుంచి మళ్ళీ హాలుకు వెళ్ళసాగింది. మాస్టారు ఆమెను నిలువుటద్దం ముందు నిలబెట్టి, మొదటి రోజు పిల్లలా చేతులు ఎత్తి ఉంచమనేవారు. కుడి చెయ్యి దానంతటదే జారేది. జారినప్పుడల్లా మోచేతి కింద చిన్నగా తట్టేవారు. ఆమె మళ్ళీ ఎత్తేది. రెండో నెలలో మందులమ్మాయి తిరిగొచ్చింది. ఆమెను చూసి తలూపి, వేరేవాళ్ళతో జోడీ కట్టింది.

మూడు నెలలు నిండి, డాక్టరు సరేనన్న తర్వాతి పొద్దున, ఆ పిల్లే గ్లవ్స్ తొడుక్కుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"మెల్లగా ఆడదాం. చెయ్యి దించారంటే మాత్రం ఇటునుంచి ఇటే వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

రెండు నిమిషాలు ఆడారు. దెబ్బలన్నీ గ్లవ్స్ మీదే పడ్డాయి. ఒక్కటి మాత్రం నుదుటికి తగిలింది. తాళంకప్ప కళ్ళు చెమర్చాయి. నుదుటి మీద తగిలితే ఎవరికైనా చెమరుస్తాయి. చేతులు దించలేదు.

మెట్లు దిగుతూ మందులమ్మాయి, మీ అక్క ఎలా ఉండేవారని అడిగింది. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. తాళంకప్ప సైకిళ్ళ షాపు షట్టరుకు ఆనుకుని ఆలోచించింది.

"చెప్పులు త్వరగా అరగ్గొట్టేది. కాళ్ళీడ్చి నడిచేది కదా. నేను తిట్టేదాన్ని."

ఇంకో సంగతి కోసం వెతుక్కుంది. మందులమ్మాయి తొందరపెట్టకుండా పక్కనే నిలబడింది. పని వేళ అయ్యేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.