నొక్కని చుక్కలు

ఎవరిని కూర్చోబెట్టబోయినా ముందు తన గడ్డం పెట్టి చూస్తుంది. గడ్డం ఆనే చోటు దూదితో తుడిచి, ఒక్క క్షణం యంత్రంలోని తెల్లటి గిన్నెలోకి చూసి లేస్తుంది. పద్దెనిమిదేళ్లుగా ఇంతే.

కంటి ఆసుపత్రిలో చూపు మేర కొలిచే గది ఆమెది. గిన్నెలో వెలుగు చుక్కలు మెరుస్తాయి. కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. నొక్కని చోట కాగితం మీద నలుపు పడుతుంది. రోగులు ఆమెను చుక్కలక్క అంటారు.

ఆ మధ్యాహ్నం ఆమె సొంత అక్క మొగుడు వచ్చాడు. ముప్పై ఏళ్లు టైపు కొట్టిన మనిషి. నీటికాసులు అతని కుడికంటి చూపును అంచుల నుంచి తినేస్తున్నాయి. ఆపరేషన్ మాట వచ్చింది.

“మరదలా, కాపీ కొట్టనిస్తావా?”

“ఇక్కడ పక్కవాడి పేపరుండదు బావా. నోరు మూసి గడ్డం పెట్టు.”

కాగితం దాదాపు తెల్లగా వచ్చింది.

“చూశావా, ఫస్టు క్లాసు!”

ఆమె నవ్వలేదు. అతను బటన్ నొక్కిన చప్పుడు ఇంకా చెవిలో ఉంది. టక్, టక్, టక్. టైపు వరస. చుక్క వెయ్యకుండా యంత్రం ఆగినప్పుడు కూడా నొక్కాడు.

“చూసి నొక్కావా, ఊరికే నొక్కావా?”

అతను కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“వేళ్లు వాటంతటవే పోతాయే. నల్లగా వస్తే ఏమంటారోనని నేనూ ఆపలేదు. ఆపరేషన్ చేస్తే పోయింది తిరిగొస్తుందా?”

“రాదు. ఉన్నది నిలవడానికే.”

“ఉన్నది కూడా పోతే?”

“నలుపు నడిమి దాకా వచ్చుంటే ఆ భయమూ ఉంటుంది. ఎంత ఉందో తెలిస్తేనే డాక్టరుగారు ఏదైనా చెప్పగలరు. ఇది చూస్తే నీ వేళ్లకి సర్టిఫికెట్ ఇస్తారు, కంటికి కాదు.”

“మీ అక్కకి చెప్పకు.”

“నువ్వే చెప్పుకో. రేపు పొద్దున్నే రా.”

ఆ కాగితం మీద ‘నమ్మదగినది కాదు’ అని రాసి పక్కన పెట్టింది.

మర్నాడు అందరికంటే ముందే వచ్చి గది తెరిచింది. తుడిచింది, గడ్డం పెట్టి చూసింది, లేచింది. బావను కూర్చోబెట్టి, బటన్ అతని ఎడమ బొటనవేలి కింద పెట్టింది. ముప్పై ఏళ్ల టైపులో ఆ వేలికి పనే పడలేదు.

ఈసారి చప్పుడు ఆగి ఆగి వచ్చింది. మధ్యలో చాలాసేపు అసలు రాలేదు. ఆమె తొందరపెట్టలేదు.

కాగితం మీద నలుపు నడిమికి వేలెడు దూరంలో ఆగింది. కింద సంతకం చేసి, బావ మోచెయ్యి పట్టుకుని డాక్టరు గది తలుపు తట్టింది.