కత్తెరమ్మ దించిన షట్టర్

ఆ మాల్‌లో ఎస్కలేటర్ ఎప్పుడో ఆగిపోయింది. ఫౌంటెన్ తొట్టిలో విరిగిన కుర్చీలు పడేశారు. పెద్ద షోరూములన్నీ ఎత్తేశాక కింది అంతస్తులో చిన్న కొట్లు కొన్ని మిగిలాయి. వాటిలో ఒకటి కత్తెరమ్మది. బట్టలు వదులు చేయడం, బిగించడం, జిప్పులు మార్చడం ఆమె పని. ఆ పేరు మాత్రం చేతిని చూసి కాదు, నోటిని చూసి పెట్టారు.

మాల్‌ని పడగొట్టి కొత్తది కట్టడానికి కార్పొరేషన్, ఒక బిల్డర్ కంపెనీ చేతులు కలిపాయని తెలిసినప్పుడు, “దొంగలూ దొంగలూ కలిసి ఊళ్లు పంచుకున్నట్టుంది,” అని అందరి ముందే అంది. అయినా లోపల ఆశ చావలేదు. సర్వే నాటికి నడుస్తున్న కొట్లకే కొత్త భవనంలో చోటిస్తామన్నారు. భర్త పోయాక ఆమెను నిలబెట్టింది ఆ ఇరుకు గదే.

సర్వే జరిగిన ఉదయం ఒక టీచరమ్మ గౌను వదులు చేయించుకోవడానికి వచ్చింది. వేసి చూసుకోవడానికి వేరే గది లేదు కనక, అలాంటప్పుడు షట్టర్ పూర్తిగా దించేయడం కత్తెరమ్మకు మొదటి నుంచీ అలవాటు. నోట్లో గుండుసూదులు పట్టుకుని నడుము దగ్గర మడత సరిచేస్తుండగా షట్టర్ మీద దబదబా బాదారు.

“తియ్యకండి, తియ్యకండి!” టీచరమ్మ ముడుచుకుపోయింది.

అందరి నోళ్లూ మూయించే ఆ నోరు అప్పుడే సూదులతో మూసుకుపోయి ఉంది. వాటిని అరచేతిలోకి తీసి “ఉన్నానయ్యా!” అని అరిచేసరికి బూట్ల చప్పుడు దూరమైంది. టీచరమ్మ బట్టలు మార్చుకున్నాక షట్టర్ ఎత్తి చూస్తే, దాని మీద ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు. ఇంకా తడిగానే ఉంది.

మెట్ల దగ్గర సర్వే వాళ్లను పట్టుకుంది.

“ఏమయ్యా, నా కొట్టు మీద ఆ గీతలేంటి?”

“మూసి ఉంది కదమ్మా,” అన్నాడు సర్వే అధికారి.

“లోపల ఆడమనిషి బట్టలు మార్చుకుంటుంటే బార్లా తెరిచి పెట్టమంటావా?”

“నా చేతుల్లో లేదు. కంపెనీ ఆయన్ని అడగండి.”

కంపెనీ మనిషి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. “మాదేముందమ్మా, కార్పొరేషన్ ఎలా చెబితే అలా.”

“బాగుంది! పంచుకోవడానికి ఇద్దరూ ఒకటి, జవాబు చెప్పడానికి ఎవరి దారి వాళ్లది.”

“మమ్మల్నెందుకు తిడతారు?” అధికారి విసుక్కున్నాడు. “అడిగాకే గీశాం. ఎప్పుడూ మూసే ఉంటుందని ఎదురు కొట్టావిడే చెప్పారు.”

ఎదురు కొట్టు ఆమె తోడికోడలిది. ఫోన్ కవర్లు అమ్ముతుంది. ఆ కొట్టు దగ్గరుండి ఇప్పించింది కత్తెరమ్మే. ఆమె నేరుగా అక్కడికే వెళ్లింది.

“ఏమే, నేను లోపల చచ్చాననుకున్నావా?”

“షట్టర్ దించుందక్కా. మూసుందన్నాను.”

“ఎందుకు దించుతానో నీకు తెలీదూ? ఏటేటా లావెక్కి నీ గౌన్లు వదులు చేయించుకుందీ ఆ షట్టర్ వెనకే కదే!”

తోడికోడలి ముఖం జేవురించింది. “కొత్త భవనంలో అందరికీ ముందు వరసలో చోటు రాదట. నీకోసం నన్ను మూలన పడమంటావా?”

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానా!”

కత్తెరమ్మ తన కొట్లోకి వెళ్లి కుట్టుమిషన్‌ను నేల గీరుకునేలా ఈడ్చుకొచ్చి, తోడికోడలి గుమ్మానికి అడ్డంగా పెట్టింది. స్టూలు వేసుకుని, టీచరమ్మ గౌను సూది కింద పెట్టి తొక్కడం మొదలుపెట్టింది.

“అక్కా, దారికడ్డం! బేరాలెలా వస్తాయి?”

“రావు. సర్వే వాళ్లను పిలిచి, నా కొట్టు నడుస్తోందని నీ నోటితోనే చెప్పు. అందాకా నీదీ మూసినట్టే.”

కవర్ కొనడానికి వచ్చిన ఒకాయన మిషన్‌ను చూసి, ఇద్దరి ముఖాలూ చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. తోడికోడలు ఫోన్ చేతిలోకి తీసుకుంది గానీ నంబరు నొక్కలేదు. కత్తెరమ్మ తల ఎత్తలేదు.