ఎర్ర దీపం ఆరేదాకా

తళి ఊరి దగ్గరి గులాబీ తోటలో తిమ్మరాయప్ప రోజూ పొద్దున, గుట్టలెక్కే నాలుగు చక్రాల ఏటీవీ బండికి ట్రాలీ తగిలించి, పనికి వచ్చే ఆడవాళ్ళను గుట్ట మీది షెడ్లకు చేరుస్తాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఇంజను వేడెక్కుతుందేమోనని ఆయనకు ఎప్పుడూ భయమే. ఎక్కుడులో అది పట్టేస్తే ట్రాలీ వెనక్కి జారిపోతుంది. అందుకే బయలుదేరే ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రేడియేటర్ సందుల్లో ఎండిన ఎర్రమట్టిని పాత టూత్‌బ్రష్‌తో గీకుతాడు. "ఏమప్పా, బండికి పండ్లు తోముతుండావా?" అని ట్రాలీలో కూర్చున్న రుక్కమ్మ నవ్వుతుంది. "దానికీ గాలాడల్ల గదమ్మా," అంటాడు తలెత్తకుండా.

వాన వెలిసిన ఒక ఉదయం, సగం గుట్ట ఎక్కేసరికి ఇంజను వేడెక్కిందని చెప్పే ఎర్ర దీపం బండి మీద వెలిగింది. ఆయన ఇంజను ఆపి, బ్రేకు బిగించి, దిగి బురద తోమసాగాడు. అప్పుడే కింద రాగిచేలోంచి ఒంటి ఏనుగు దారి మీదికి వచ్చి వాళ్ళవైపు నడవసాగింది.

"తోమింది చాలు, పోనియ్యప్పా!" రుక్కమ్మ ఏడ్చింది.

"ఇప్పుడు పోతే ఇంజను పట్టేస్తాది. ఏనుగు మిందికే జారతాము."

తలెత్తకుండా తోముతూనే ఉన్నాడు. దీపం ఆరాకే బండెక్కాడు. "బిరీన పో!" అని అందరూ అరుస్తున్నా, మళ్ళీ కాగుతుందని మెల్లగానే పోనిచ్చాడు. ఏనుగు మలుపు దాకా వెంట వచ్చి నిలిచిపోయింది.

షెడ్డు ముందు ఆడవాళ్ళంతా దిగారు. తిమ్మరాయప్ప దిగలేదు. హ్యాండిల్‌కు బిగుసుకుపోయిన ఆయన వేళ్ళను రుక్కమ్మ ఒక్కొక్కటిగా విప్పింది.