పిన్ను పట్టిన చార్జర్

కొల్లేటి ఒడ్డున మా ఊళ్లో నన్ను కోపిష్టి మాస్టారంటారు. ఊరికే అనరు.

ల్యాప్‌టాప్ చార్జర్ కాలిపోతే, పాతది సంచిలో వేసుకుని ఏలూరు వెళ్లి, దాని పిన్నుకు సరిపోయే కొత్తది తెచ్చాను. ఇంటికొచ్చి పెడితే లైటు వెలిగింది గానీ చార్జింగ్ ఎక్కలేదు. ప్లగ్గు మార్చాను, పిన్ను తుడిచాను, ఆపి మళ్లీ ఆన్ చేశాను. బ్యాటరీ ఆరు శాతం దగ్గరే చచ్చినట్టు పడి ఉంది.

మర్నాడు అదే సంచితో షాపుకెళ్లి, "చెత్త సరుకు అంటగడతావురా?" అంటూ చార్జర్ షాపాయన మొహాన విసిరికొట్టాను. కనుబొమ చిట్లి కౌంటరు మీద నెత్తురు కారింది. కాలర్ పట్టుకుని గోడకి అదిమాను. కొట్టడానికి చెయ్యెత్తాను.

"మీ పాత చార్జర్ తీయండి మాస్టారూ," అన్నాడాయన.

తీశాను. దాని వెనక అరవై ఐదు వాట్లని ఉంది. కొత్తదాని మీద నలభై ఐదు.

"వాట్లు తగ్గితే చార్జింగ్ ఎక్కదండీ. నిన్న నేను వాట్లు చూస్తాను, ఇలా ఇవ్వండంటే, బస్సెళ్లిపోద్ది, పిన్ను పడితే చాలన్నారు కదండీ మీరు."

నేను 'రా' అన్న మనిషి, నెత్తురు తుడుచుకుంటూ కూడా నన్ను 'అండీ' అనే అన్నాడు.